గ్రామములలో వెలి: కారణములు, ఫలితములు

పాల్వంచ మండలములోని ఒక గూడెమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము మేము వెళ్ళినపుడు సభకు ఊరంతయు వచ్చినది. చింతచెట్టు క్రింద జంపఖానాలు పరచిరి. ఒక ఇంటివారు మాత్రము తమ వాకిటిలోనే నిలబడి దూరమునుండి వినుచుండిరి. వారిని కూడ పిలువుడని మేమనగా పెద్దలలో ఒకరు తల వంచుకొని, "వాళ్లు మాలో కలవరు సారూ" అనిరి. ఎన్నాళ్ళైనదని అడిగితిమి. ఒకరు రెండేండ్లనిరి, మరొకరు మూడనిరి. ఏమి తప్పు చేసిరని అడిగినపుడు సమాధానములు ఇంకను వేరువేరుగా వచ్చినవి. శిక్ష అందరికిని తెలియును. తప్పేమిటో సరిగా చెప్పగలవారు లేరు. ఆ దినమున మేము చెప్పవచ్చిన విషయము వేరు. కాని తిరుగు ప్రయాణములో జీపులో మాటలన్నియు ఆ వాకిటిని గురించియే నడచినవి. పంచాయతీ సభ్యుల కొరకు ఈ వ్యాసము వ్రాయుటకు కారణమదియే.

వెలి యనగా ఒక మనిషిని, లేక ఒక కుటుంబమును, కులమునుండి గాని ఊరినుండి గాని వేరుచేసి, వారితో ఇచ్చిపుచ్చుకొనుటలను మాన్పించుట. వారికి నిప్పు, నీరు ఇయ్యరాదు, వారి ఇంట తినరాదు, పెండ్లికి పిలువరాదు, చావుకు పోరాదు. ఈ కట్టడిని అతిక్రమించి వారితో మాటలాడినవారికి కూడ జుర్మానా ఉండును. వెలికి నిజమైన బలము ఈ చివరి నియమములోనే ఉన్నది. తప్పు చేసిన వానిపై కోపము లేనివారు సైతము, తామెక్కడ పట్టుబడుదుమో యను భయముచేత ముఖము త్రిప్పుకొందురు. ఊరిలో నలుగురు పెద్దలు తీసిన మాట, నాలుగు వందలమంది మాటగా మారుట ఇట్లే జరుగును.

వెలి వేయుటకు కారణములు

కారణములన్నియు ఒక రీతివి కావు. కోయవారు గట్టులుగా విభజింపబడియున్నారు; ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస గనుక వారిలో వారికి వివాహము నిషిద్ధము. ఈ కట్టుబాటు తప్పినవారిని కులపెద్దలు విచారించుట తరతరములుగా ఉన్నది. కులాంతర వివాహము మరొక కారణము. మతము మార్చుకొనుట, జాతరకు చందా ఇయ్యకపోవుట, ఎన్నికలలో ఊరివారు అనుకొన్న అభ్యర్థికి ఓటు వేయలేదను అనుమానము కూడ కారణములగుచున్నవి. ఒక ఇంటిలో జ్వరముతో బిడ్డ చనిపోయినచో ప్రక్కయింటి ముసలమ్మకు చేతబడి వచ్చునని అంటగట్టి వెలివేయుట అన్నింటికన్న ఘోరమైనది. అందు తప్పే లేదు. తప్పు చేసినదను ఊహ మాత్రమే ఉన్నది.

అయితే మేము విన్నంతలో, తగాదా మొదట దేనిపై పుట్టినను, వెలివరకు వచ్చునది తరచుగా ఒకే చోట: "పెద్దల మాట కాదన్నాడు" అను చోట. గట్టు సరిహద్దును గురించియో, పశువుల మేతను గురించియో తగవు వచ్చును. పెద్దలు పది వేలు తప్పు కట్టుమందురు. అతడు కట్టలేననును, లేక ఠాణాకు పోవును. అప్పటినుండి అసలు తగవును అందరును మరచిపోదురు. పోలీసులయొద్దకు పోవుటయే పెద్ద నేరమగును. అనగా వెలి అనేక పర్యాయములు తప్పునకు శిక్ష కాదు, ధిక్కారమునకు శిక్ష. పెద్దరికము కాపాడుకొనవలెనను ఆతురత సహజమే గాని, దానికొరకు ఒక కుటుంబము నోటి కూడు తీయుట న్యాయమగునా యని సభ్యులు ఆలోచింపవలసియున్నది.

ఒక్కరికి వేసిన శిక్ష ఎందరికి తగులును?

పూర్వము వెలి యనగా పంక్తిభోజనమునుండి తొలగించుట యని చెప్పుకొనెడివారు. నేడు మన ఊళ్ళలో దాని స్వరూపము మారినది. కిరాణా దుకాణములో ఉప్పు ఇయ్యరు. పిండిమరలో జొన్నలు పట్టరు. ఆటోవాడు ఎక్కించుకొనడు. మిరపకాయ ఏరుటకు పోవు కూలి ముఠాలో చేర్చుకొనరు. నాట్లకాలములో ఒకరి పొలమునకు ఒకరు బదులుపోవు పద్ధతి ఉన్నది గదా, వెలిపడిన ఇంటికి బదులు వచ్చువారుండరు. ఎకరము భూమి ఉన్నను అది బీడే. ఏప్రిల్, మే మాసములలో తునికాకు కోతయే మన అడవి గ్రామములవారికి చేతిలో నాలుగు రూకలు ఆడు కాలము. యాబది ఆకులకొక కట్ట చొప్పున తెల్లవారుజాము నుండి కోసి కట్టి తెచ్చిన ఆకును కల్లము వద్ద, "మీది తీసుకొనము" అని త్రిప్పి పంపినచో ఆ ఇంటికి ఆ యేటి ఆధారమే పోవును.

ఇక మరణము సంభవించినచో చెప్పనక్కరలేదు. మోయుటకు నలుగురు రారు. గోయి త్రవ్వుటకు రారు.

ఇన్నింటిలోను తప్పు చేసినవాడొక్కడు, చేసెనని అనుకొన్నను. అతని భార్య ఏమి చేసినది? బడిలో తోడిపిల్లలు ప్రక్కన కూర్చుండనీయని పిల్లవాడేమి చేసినాడు? న్యాయస్థానము దొంగకు శిక్ష వేయునపుడు దొంగ చెల్లెలికి వేయదు. పైగా న్యాయస్థానము వేయు శిక్షకు ఇన్ని నెలలని, ఇన్ని ఏండ్లని గడువుండును. వెలికి గడువు లేదు. మేము చూచిన గూడెములో రెండేండ్లో, మూడేండ్లో వారికే తెలియదు.

ప్రాచీన గ్రీసుదేశములోని ఏథెన్సు నగరమువారు కూడ మనుష్యులను వెలివేసెడివారు. కుండపెంకులపై పేరు గీసి ఓట్లు వేసెడివారు. ఆరువేల ఓట్లు పడనిదే వెలి చెల్లదు. పడినచో పది యేండ్లు నగరమునకు దూరముగా ఉండవలెను. ఆస్తి మాత్రము అతనిదే. గడువు తీరినపిమ్మట గౌరవముతో తిరిగివచ్చి మునుపటివలె పౌరుడుగా ఉండవచ్చును. రెండువేల అయిదు వందల సంవత్సరముల క్రిందటి వారికి తోచిన ఈ హద్దు, మన రచ్చబండపై కూర్చున్నవారికి తోచకపోవుట చింతింపదగిన విషయము.

వెలిని అనుభవించినవారిలో మహనీయులును కలరు. 1888లో గాంధీజీ ఇంగ్లండుకు చదువుకొనుటకు బయలుదేరగా ఆయన కులపెద్దలు బొంబాయిలో సభచేసి వెలివేసిరి. ఆయనకు సహాయము చేసినవారికిని, సాగనంపుటకు రేవుకు పోయినవారికిని ఒక రూపాయి నాలుగణాలు జుర్మానా యని ప్రకటించిరి. తిరిగివచ్చిన పిదప కూడ కులములో ఒక పక్షము ఆయనను కలుపుకొనలేదు. అత్తవారింటను, అక్క ఇంటను మంచినీరు త్రాగుటకైనను వీలులేని స్థితి. చాటుగా ఇత్తుమని వారనినను, బహిరంగముగా చేయలేని పనిని చాటుగా చేయుట ఆయన కిష్టము లేకపోయెను. మన తెలుగుదేశములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహము జరిపించినపుడు వంటవారును, నీళ్ళు మోయువారును రాక, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు తెచ్చి వంట చేయవలసివచ్చెను. ఈ ఇద్దరి విషయమున వెలివేసిన పెద్దల పేర్లు నేడెవ్వరును చెప్పుకొనరు.

బెండాలపాడు తీర్మానము

దూరపు సంగతులతో ఆపుట సభ్యులకు చాలదు. మన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనే జరిగిన దొకటి కలదు. 2022 నవంబరు 22వ తేదీన చండ్రుగొండ మండలము, బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు సమీపమున, అటవీశాఖవారి మొక్కల తోట విషయమై తగాదా వచ్చి, ఫారెస్టు రేంజి అధికారి చలమల శ్రీనివాసరావుగారు దాడిలో ప్రాణములు కోల్పోయిరి. విధి నిర్వహణలో ఉన్న అధికారిని చంపుట క్షమింపరాని నేరము. జిల్లా అంతయు దుఃఖించినది. దాడి చేసినవారు ఛత్తీస్‌గఢ్ నుండి వలసవచ్చిన గుత్తికోయలు. కొన్ని దినములలోనే గ్రామపంచాయతీ సమావేశమై ఎర్రబోడు గుత్తికోయలను గ్రామమునుండి వారి రాష్ట్రమునకు పంపివేయవలెనని తీర్మానించినది.

ఆ దినములలో గ్రామస్థుల మనస్సెట్లుండెనో ఊహింపగలము. కోపము న్యాయమైనదే. కాని తీర్మానమును నిదానముగా చదివి చూడుడు. నేరము ఇద్దరిపై మోపబడినది. వెలి గూడెమంతటికి వేయబడినది. పాలు త్రాగు బిడ్డలకును, ఆ దినమున అచ్చట లేనివారికిని. నేరమును విచారించిన కొత్తగూడెము న్యాయస్థానము 2023లో ఆ ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించినది. సాక్ష్యము విని, ఎవరు చేసిరో తేల్చి, వారికి మాత్రమే శిక్ష వేసిన పద్ధతి ఒకటి. చేతులెత్తి అందరిని పొమ్మన్న పద్ధతి మరొకటి. దేశములో ఎచ్చటనైనను నివసించు హక్కును రాజ్యాంగము 19వ అధికరణములో పౌరులకు ఇచ్చినది. అడవిని నరికిరన్న ఆరోపణ యున్నచో అటవీ చట్టమున్నది. మనుష్యులను ఊరినుండి వెడలగొట్టు అధికారమును పంచాయతీకి ఏ చట్టమును ఇయ్యలేదు.

చట్టము ఏమనుచున్నది?

సభ్యులలో కొందరు, "మాది ఏజెన్సీ, మా ఆచారములను కాపాడుకొనుటకు పెసా చట్టమున్నది గదా" అందురు. నిజమే. 1996 నాటి ఆ చట్టము ఆచారములను, తగవులు తీర్చుకొను సంప్రదాయ పద్ధతిని కాపాడు శక్తి గ్రామసభకు కలదని చెప్పినది. అది విలువైన హక్కు. కాని ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన ఆచారము చెల్లదని రాజ్యాంగము 13వ అధికరణము చెప్పుచున్నది. తగవు తీర్చుట ఆచారము. నీళ్ళు ఆపుట ఆచారము పేరున చేయు బలవంతము.

షెడ్యూల్డు కులములవారిని గాని, తెగలవారిని గాని, ఆ వర్గములకు చెందనివారు సాంఘికముగా లేక ఆర్థికముగా బహిష్కరించినను, బహిష్కరింతుమని బెదిరించినను, అది 1989 అత్యాచారముల నిరోధక చట్టము క్రింద నేరము. 2015 సవరణతో ఇది స్పష్టముగా చేర్చబడినది. ఆరు నెలలనుండి అయిదేండ్ల వరకు ఖైదు, జరిమానా కలవు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కరు విగ్రహము విషయమై దళితులను కూలిపనులకు, కౌలుకు రానీయక బహిష్కరించిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. తప్పు చేసినవాడును, వెలివేసినవారును ఒకే తెగవారైనచో ఈ చట్టము వర్తింపదు. అంతమాత్రమున దారి లేదని కాదు. బెదిరించి జుర్మానా వసూలు చేసినచో భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షను ప్రకారము అది బలవంతపు వసూలు, ఏడేండ్ల వరకు ఖైదు. బెదిరింపునకు 351వ సెక్షను, దారి అడ్డగించుటకు 126వ సెక్షను ఉన్నవి. మహారాష్ట్రమువారు మరింత ముందునకు పోయి, 2016లో శాసనసభలో ఆమోదించి 2017నుండి అమలుపరచిన ప్రత్యేక చట్టములో, ఏ కులములోనైనను వెలివేసినవారికి మూడేండ్ల వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించిరి.

నిజామాబాదు ప్రాంతమున గ్రామాభివృద్ధి కమిటీలను పేరుతో వెలులు, జుర్మానాలు నడుచుట తరచుగా వార్తలకెక్కుచున్నది. పేరు ఎంత మంచిదైనను అట్టి కమిటీలకు పంచాయతీ చట్టములో స్థానము లేదు. పంచాయతీ సభ్యుడు ఆ కమిటీలో కూర్చున్నంత మాత్రమున దానికి అధికారము రాదు. ఆయనపై కేసు మాత్రము రాగలదు.

తప్పు చేసినవారిని ఏమియు అనరాదని మా భావము కాదు. కట్టుబాటు లేని ఊరు ఊరు కాదు. సహకార సంఘమునుండి సభ్యుని తొలగింపదలచినచో ముందు నోటీసు ఇచ్చి సంజాయిషీ వినవలెను. సర్పంచిని తొలగింపవలెనన్నను కలెక్టరుగారు సంజాయిషీ అడుగవలెను. తనను అడుగకుండ తొలగించినచో ఏ సర్పంచి ఊరకుండును? ఆ మర్యాదనే గూడెములోని కూలివానికిని ఇయ్యవలసియున్నది. ఫిర్యాదు ఎవరిది, ఎవరిపై, ఏ పనిని గురించి యన్నది ముందుగా కాగితముపై పెట్టుడు. వ్రాయుటకు కూర్చున్నపుడే సగము ఆవేశము తగ్గును. ఇరుపక్షములను అందరి ఎదుట వినుడు; స్త్రీపై నింద యైనచో స్త్రీలను కూర్చుండబెట్టి వినుడు. కొట్లాట, దొంగతనము, అత్యాచారము వంటివి పోలీసులవి. వానిని రచ్చబండపై తేల్చరాదు. కట్టుబాటునకు సంబంధించినదైనచో క్షమాపణయో, నష్టపడినవానికి నష్టపరిహారమో చెప్పి, అది తీరిన దినముతో తగవు ముగిసినదని అదే కాగితముపై వ్రాయుడు. నీరు, దుకాణము, కూలి, రేషను, బడి, శ్మశానము అనువానిని మాత్రము ఏ తగవులోనికిని తేరాదు.

ఇదివరకే వెలిలో ఉన్న కుటుంబము మీ ఊరిలో ఉన్నచో వారికి 15100 నంబరును తెలియజేయుడు. అది న్యాయసేవల సంస్థవారిది. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఇచ్చెదరు. అత్యాచారముల చట్టము క్రిందికి వచ్చు ఫిర్యాదులకు 14566 నంబరు ఉన్నది. భద్రాచలములోని ఐ.టి.డి.ఏ. ప్రాజెక్టు అధికారిగారికి కూడ విన్నవింపవచ్చును. అంతకన్న సులభమైన దారి ఊరివారి చేతిలోనే ఉన్నది. వెలిపడినవారిని కులములో కలుపుకొనుటకు కలిసి భోజనము చేయుట పాత పద్ధతి. ఆ విందు ఖర్చును, మేకను, సారాను వెలిపడినవారి నెత్తిన పెట్టుటచేతనే వారు ఏండ్ల తరబడి కలువలేకపోవుచున్నారు. ఆ కట్టడిని ఎత్తివేసి, ఇంటికొక మానెడు బియ్యము చొప్పున ఊరివారే తెచ్చి వండవచ్చును.