పుచ్చుకొన్న నాణెములోనే తిరిగి యిమ్ము

రాజపాళయం.

చిరంజీవి సౌభాగ్యవతియగు మనుమరాలికి తాత అనేక ఆశీస్సులతో వ్రాయునది.  

నీ జాబు చేరినది. బ్యాండేజి గుడ్డకు పేరుమోసిన మన చత్రపట్టి మగ్గములమీద నేయించిన మెత్తని నూలుబట్టతో పొత్తిగుడ్డలు కుట్టించి, కోయంబత్తూరునుండి ఆన్‌లైనులో అమ్ముచు, అమెరికా, సింగపూరు, కువైట్ దేశములలోని తెలుగు తల్లుల యిండ్లకు పంపుచున్నావని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషము, ఇప్పుడు నీవు వ్రాసిన చిక్కువలన ఇసుమంతయు తగ్గలేదు. ఏలయన సరకు వెనుకకు రాని వర్తకము లోకములో లేదు. న్యూజెర్సీలోని యొక కొనుగోలుదారు వస్తువును త్రిప్పిపంపగా, ఆమె సొమ్ము ఆమెకు మరల నిచ్చునప్పటికి నీకు ముట్టిన రూపాయలకంటె ఎక్కువ రూపాయలు నీ ఖాతానుండి పోయినవనియు, ఇకమీదట “మాకు ముట్టినంతయే తిరిగి యిత్తుము” అని నియమము పెట్టవచ్చునా యనియు అడిగితివి. పెట్టరాదు. ఆమె నీకిచ్చినది నలుబది డాలర్లు. అవి రూపాయలగుట నీ యవసరముకొఱకు నీ పక్షమున జరిగిన మార్పు. ఆ మార్పులో ఆమె సలహా నడుగలేదు, లాభము వచ్చియున్నయెడల పంచియును ఇచ్చియుండవు. కావున ఏ నాణెములో పుచ్చుకొంటివో ఆ నాణెములోనే, ఎంత పుచ్చుకొంటివో అంతయు, వచ్చిన త్రోవనే తిరిగి పంపుట నీ విధి. నడుమ నాణెపు విలువలో కలిగిన హెచ్చుతగ్గులు నీ వర్తకపు ఖర్చులలో నొకటి.

ఇది నేటి ఇంటర్నెట్టుతో పుట్టిన ధర్మము కాదు. నేను ఒక మిల్లులో లెక్కల గుమాస్తాగా కుదిరిన క్రొత్తలో, 1966 జూన్ 6వ తేదీన, అంతవరకు రూ. 4.76గా నున్న డాలరు ఒక్కమాఱుగా రూ. 7.50 అయినది. విదేశపు యంత్రములకో, పొడుగుపింజ ప్రత్తికో డాలర్లలో బాకీపడినవారి ఋణము రూపాయల లెక్కలో నూటికి 57కు పైగా పెరిగినది. అట్లని అమ్మినవానితో “మా ప్రభుత్వము రూపాయ విలువ తగ్గించినది, నీవు డాలర్లు తగ్గించుకొనుము” అని చెప్పుటకు ఎవరికిని తోచలేదు. పత్రములో ఏ నాణెము వ్రాసికొన్నారో ఆ నాణెమే మాట; మాట తప్పినవానికి మఱుసటి సరకు రాదు.

ఇక నీ నష్టము ఎక్కడనుండి వచ్చినదో నిదానముగా చూడుము. బజారులో డాలరు 84 రూపాయలున్ననాడు నలుబది డాలర్ల అమ్మకము జరిగినదనుకొనుము. చెల్లింపు సంస్థ నూటికి నాలుగు చొప్పున 1.60 డాలర్లు రుసుము పట్టుకొని, తక్కిన 38.40 డాలర్లను 83 రూపాయల ధరకు మార్చి రూ. 3,187.20 నీకు జమ కట్టినది. సరకు తిరిగి వచ్చునప్పటికి బజారుధర 86 అయినది. త్రిప్పియిచ్చుటకు కావలసిన డాలరును సంస్థ 87కు లెక్కగట్టినది గనుక రూ. 3,480 పోయినవి. నష్టము రూ. 292.80. ఇందులో రుసుము 132.80; పోవునప్పుడొకసారి, వచ్చునప్పుడొకసారి డాలరుకు రూపాయ చొప్పున సంస్థ ఉంచుకొన్నది 80; డాలరు నిజముగా పెరిగినందువలన కలిగినది 80 మాత్రమే. డాలరు కదలక నిలిచియున్నను నీకు రూ. 212.80 పోయియుండెడివి. రిఫండు చేసినను మొదట తీసికొన్న రుసుమును తిరిగి యీయని పద్ధతిని పేపాల్ 2019నుండియే అవలంబించినది గదా. అందుచేత ప్రతిదినము డాలరు ధర చూచి నిట్టూర్చుటకంటె, సరకు వెనుకకు రాకుండునట్లు చూచుకొనుట నీకు ఎక్కువ మేలు చేయును. కొలతలు సెంటీమీటర్లలోను అంగుళములలోను వ్రాయుము. నూలుబట్ట మొదటి ఉతుకులో ముడుచుకొనును గనుక, ఒక తుండును ఉతికి ఆఱవేసి, ముందు కొలత, వెనుక కొలత రెండును ఫొటోలతో చూపుము. రంగు విద్యుద్దీపపు వెలుతురులోకాక పగటివెలుతురులో తీసిన బొమ్మలో చూపుము.

తక్కిన నష్టమును ధరలోనే ముందుగా కలుపుకొనవలెను. నీ లెక్కలపుస్తకములో “రుసుములు”, “మారకపు తేడా” అని రెండు ప్రత్యేకఖాతాలు తెఱచి, ప్రతి రిఫండునకును పై విధముగా నష్టమును విడదీసి వ్రాయుము. డాలరు తగ్గి నీకు నాలుగు రూపాయలు మిగిలిననాడు వానిని లాభమని ఖర్చుపెట్టక ఆ రెండవఖాతాలోనే ఉంచినయెడల, డాలరు పెరిగిననాడు అవియే ఆదుకొనును. సంస్థలు సామాన్యముగా రిఫండు సొమ్మును తరువాతి జమలో తగ్గించుకొని పంపును. కనుక బ్యాంకు పుస్తకములో ఒక్క అంకెగా కనబడుదానిని అమ్మకము వేఱు, రిఫండు వేఱు చేసి వ్రాసికొనుట మఱువకుము. ప్రతి రిఫండునకును క్రెడిట్ నోటు వ్రాసి, జీఎస్టీ పత్రములలో అది చూపింపబడినదో లేదో ఆడిటరును అడుగుచుండుము.

నీ పుటలో ధర రూపాయలలోనే చూపిన సందర్భమొకటి కలదు. మలేషియాలోని యొకామె కార్డుతో రూపాయలు చెల్లించినచో, రింగిట్టులనుండి రూపాయలుగా మార్చినది ఆమె బ్యాంకు. నీవు పుచ్చుకొన్న రూపాయలన్నియు తిరిగి పంపినను ఆమెకు రింగిట్టులు కొన్ని తక్కువగా ముట్టవచ్చును. అప్పుడు వాదమునకు దిగక ఇట్లు వ్రాయుము: “అమ్మా, మీ కార్డునుండి మేము తీసికొన్న 2,400 రూపాయలను ఈ తేదీన అదే కార్డునకు పంపినాము. ఆ చెల్లింపు జాడ తెలుపు సంఖ్య ఇది. మార్పిడిలో తేడా కనబడినయెడల ఈ సంఖ్య చూపి మీ బ్యాంకువారిని అడుగుడు.” సాధ్యమైనచోట ధరను వారి నాణెములోనే చూపించుట ఈ తగవును మొదలంటనే తెంచివేయును.

మన తెలుగువారితో వర్తకము చేయునప్పుడు మఱియొక ప్రలోభము ఎదురగును. “డాలర్లెందులకండీ, గుంటూరులో మా అమ్మగారి ఖాతాకు రూపాయలు వేయుడు, ఫోన్‌పేలో పంపినను చాలును” అని ఎంతో ఆత్మీయముగా అడుగుదురు. ఎంత చుట్టమైనను ఒప్పుకొనకుము. కార్డు సొమ్ము కార్డునకు పోనంతవరకు కార్డు నిచ్చిన బ్యాంకు దృష్టిలో నీవు రిఫండు చేయనేలేదు. అటుపిమ్మట ఆ కార్డుదారు బ్యాంకునకు ఫిర్యాదు చేసి చార్జిబ్యాకు, అనగా కార్డుసొమ్మును బ్యాంకు ద్వారా తిరిగి రాబట్టుట, కోరినచో ఒక్క సరకునకు రెండుసార్లు సొమ్ము చెల్లించినదాన వగుదువు. కార్డు దొంగిలింపబడినదైనచో సొమ్ము చేరునది కార్డు యజమానికి కాదు, దొంగకు. అదియునుగాక సరిహద్దులు దాటు చెల్లింపుల సంస్థలను రిజర్వుబ్యాంకు 2023 అక్టోబరు 31న తన ప్రత్యక్ష పర్యవేక్షణలోనికి తెచ్చినది. ఎగుమతి సొమ్ము రాకపోకలు వాని పుస్తకములలో ఒకదానికొకటి సరిపోవలెను. వినయముగా, కాని స్పష్టముగా, కాదని చెప్పుము.

నాణెముల అంగరచనయు తెలిసికొనదగినది. డాలరునకు నూఱు సెంట్లు, జపాను యెన్నునకు చిల్లర లేదు, కువైట్ దీనారునకు వేయి ఫిల్సులు. పన్నెండున్నర దీనారులను అక్కడివారు 12.500 అని వ్రాయుదురు. కంప్యూటరులో కొన్ని సంస్థలు మొత్తమును అన్నిటికంటె చిన్న చిల్లరలో అడుగును గనుక, 1250 అని కొట్టినచో డాలర్లలో అది పన్నెండున్నర, యెన్నులలో పండ్రెండువందల యేబది, దీనారులలో ఒకటింబావు మాత్రమే. 1961లో దీనారు పుట్టినప్పుడు అది మన రూపాయలు 13కు కొంచెము పైన. నేడు 250 దాటినది. ఒక్క సున్నయొక్క పొరపాటు ఎంత దూరము పోవునో నీవే గ్రహింపుము. కాబట్టి దీనారు రిఫండును రెండవవారిచేత చదివించిన పిదపనే పంపుము.

ఇక కొనుగోలుదారుల దేశముల నియమములు. ఐరోపా సమాఖ్యవారి 2011 నాటి ఆదేశముప్రకారము, దూరమునుండి కొన్న వస్తువును కారణము చెప్పకయే 14 దినములలో వలదనుటకు కొనుగోలుదారునకు హక్కు కలదు. వలదని తెలిపిన 14 దినములలో, మొదటి సామాన్య రవాణా ఖర్చుతోకూడ, చెల్లించిన విధముననే సొమ్ము తిరిగి యీయవలెను. సరకు చేరువఱకో, పంపినట్లు ఆధారము చూపువఱకో ఆపుటకు మాత్రము నీకు వీలున్నది. అమెరికాలో 800 డాలర్లలోపు సరకులకుండిన సుంకపు మినహాయింపు 2025 ఆగస్టు 29తో తొలగినది గనుక, కొనుగోలుదారు అచ్చట కట్టిన సుంకము ఎవరి పాలో ముందే తేల్చి చెప్పవలెను. త్రిప్పితెప్పించుకొనుట దండుగయైన సరకు అచ్చటనే నాశనము చేయబడినయెడల, తగిన పత్రములున్నచో సరకు దేశమునకు రావలెనని పట్టుబట్టకయే బ్యాంకులు సొమ్ము తిరిగి పంపనిచ్చుటకు రిజర్వుబ్యాంకు 2020 డిసెంబరులో వెసులుబాటు కల్పించినది. కావున అట్టి పత్రములు జాగ్రత్తపెట్టుము.

ఇవన్నియు నీవు మనస్సులో పెట్టుకొనిన చాలదు. ఏ నాణెములో తిరిగి యిత్తువో, ఎన్ని దినములలో నిత్తువో, త్రిప్పిపంపు తపాలా ఖర్చు ఎవరిదో, సుంకము ఎవరిదో నాలుగు వాక్యములలో వ్రాయించి, కొనుటకు ముందే కనబడునట్లు ధర ప్రక్కనే పెట్టించుము. న్యూజెర్సీ ఆమెకు పూర్తిగా నలుబది డాలర్లును చేరినవో లేవో రేపే విచారించి, తక్కువైనచో మిగిలినది పంపి, ఆ తరువాత నాకు జాబు వ్రాయుము.

ఇట్లు,
ఆశీర్వదించుచు,
మీ తాత.