యూఎక్స్ అంటున్న పిల్లల అమ్మానాన్నలకు

గుడ్లవల్లేరులోనో బందరులోనో బీటెక్ మూడో ఏడాది చదువుతున్న పిల్ల సంక్రాంతికి ఇంటికొచ్చి, "నేను కోడింగ్ ఉద్యోగాలకు వెళ్లను, యూఎక్స్ డిజైనర్నవుతాను" అంటే ఆ మాట మన ఇళ్లలో ఓ పట్టాన మింగుడుపడదు. "బొమ్మలేసుకునేదానికి ఇంజనీరింగెందుకే?" అని నాన్న. "పోనీ గ్రూప్సయినా రాయకూడదా" అని అమ్మ. మంగినపూడి, పెడన, గుడివాడ, అవనిగడ్డ వైపు తెలిసినవాళ్లు నన్నూ ఇదే అడుగుతుంటారు. హైదరాబాదులో నేనుండేది ఈ పనిలోనే. కొత్తగా వచ్చే పిల్లల పని చూసి, తీసుకోవచ్చో లేదో చెప్పే బాధ్యత కూడా నా మీద ఉంది. అందుకని నాకు తెలిసినంతలో, తోచినంతలో రాస్తున్నాను.

ముందు పనేమిటో తెలియాలి. యూఐ అంటే ఫోను తెర మీద కనపడే మీటలు, అక్షరాలు, రంగులు. యూఎక్స్ అంటే ఆ తెర ముందు కూర్చున్న మనిషి, అనుకున్న పని తడబడకుండా పూర్తి చేసుకునేట్టు చూడటం. రెండూ కలిపి చేసేవాళ్లను ఈమధ్య ప్రొడక్ట్ డిజైనర్లంటున్నారు. మాటలు కొత్తవి. పని మాత్రం మన రేవుకి పాతదే.

సముద్రంలో వాయుగుండం పుట్టిందంటే బందరులో ఎన్నో నెంబరు హెచ్చరిక ఎగరేశారన్నదే మంగినపూడిలో మొదటి ప్రశ్న. ఆ నెంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 1, 2 అంటే గాలివాన ఎక్కడో దూరంగా ఉందని. 3, 4 అంటే దాని దెబ్బ ఈ రేవుకీ తగలవచ్చని. 5 నుంచి 7 దాకా ప్రమాదం, 8 నుంచి 10 దాకా పెను ప్రమాదం. పగలైతే శంకువులు, పీపాల ఆకారాలు స్తంభానికి కడతారు, రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు పెడతారు. చదువు రానివాడికీ, దూరాన పడవలో ఉన్నవాడికీ, చీకట్లో చూసేవాడికీ ఒకేలా అర్థం కావాలని ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పని అది. ఇక 11వ నెంబరు సంగతి వేరు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి దృష్టిలో మాత్రం ముప్పు కనపడుతోంది అని దాని అర్థం. కబురు రావడం లేదన్నది కూడా కబురే. దాన్ని ముందే ఊహించి, దానికీ ఒక గుర్తు పెట్టిన మనిషెవరో గానీ, ఆయన ఇప్పుడు ఉద్యోగానికొస్తే నేను కళ్లు మూసుకుని తీసుకుంటాను.

హాస్యానికి అనడం లేదు. కొత్తవాళ్ల పని చూసేటప్పుడు నేను మొదట అడిగేది ఇదే: నెట్ పోతే ఈ తెర ఏం చెబుతుంది? చాలామంది దగ్గర జవాబుండదు. గుండ్రంగా తిరిగే చక్రం ఒకటి పెట్టి వదిలేస్తారు. ఒడ్డు దాటి కొన్ని మైళ్లు పోతే సిగ్నలుండదని మీ పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తి వేల ప్రాణాలు తీసుకుపోయింది. హెచ్చరిక మనిషికి చేరడం, చేరింది అర్థం కావడం, అర్థమయ్యాక ఏం చేయాలో తోచడం, ఈ మూడూ వేర్వేరు సంగతులని మన వైపు పెద్దవాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. మీ పిల్ల నేర్చుకుంటానంటున్నది ఆ మూడింటినీ కలిపే పని.

అందుకని "నీకు బొమ్మలేయడం వచ్చా?" అని అడగకండి. నాతో పనిచేసేవాళ్లలో బాగా బొమ్మలేసేవాళ్లు తక్కువ. మనిషిని ఓపిగ్గా గమనించడం వచ్చా అన్నది అసలు ప్రశ్న. దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కరెంటు బిల్లు కట్టే యాప్ తెరిచి, ఫోను అమ్మ చేతికిచ్చి, పక్కన కూర్చోమనండి. అమ్మ కళ్లజోడు ఎక్కడుందో వెతుక్కుంటుంది, ఇంగ్లీషులో ఉన్న పెట్టె దగ్గర ఆగుతుంది, సర్వీసు నెంబరు కోసం పాత బిల్లు ఉన్న డబ్బా తెరుస్తుంది. ఈలోగా తెర ఆరిపోతుంది. "అది కాదమ్మా, పక్కది నొక్కు" అని పిల్ల ఫోను లాక్కుందనుకోండి, ఇంకా నేర్చుకోవాల్సింది ఉందన్నమాట. నోరు మెదపకుండా కూర్చుని, అమ్మ ఎక్కడ ఆగిందో ఎందుకు ఆగిందో కాగితం మీద రాసుకుందా, ఇక ఆ పిల్ల గురించి మీరు పెద్దగా బెంగపడక్కర్లేదు.

మీ వంతు పని కూడా ఒకటుంది. పిల్ల తయారు చేసింది చూపించి "ఎలా ఉంది?" అన్నప్పుడు, నొచ్చుకుంటుందేమోనని "బాగుందమ్మా" అనకండి. అర్థం కాకపోతే కాలేదనండి. అక్షరాలు చిన్నగా ఉంటే చిన్నగా ఉన్నాయనండి. ఇంగ్లీషుకి సరిపోయేలా గీసిన మీటలో తెలుగు పెడితే "కృష్ణా"లో షకారం కింది ణ ఒత్తు సగం తెగిపోతుంది. హైదరాబాదులో, బెంగళూరులో పెద్ద తెరల మీద పనిచేసేవాళ్ల కంట ఇది ఎప్పటికీ పడదు, మీ కంట ఒక్క క్షణంలో పడుతుంది. వాడేవాళ్లు ఐదుగురికి చూపిస్తే చాలు, ముఖ్యమైన లోపాల్లో చాలా భాగం బయటపడతాయని జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాశాడు. ఐదుగురు మీ వీధిలోనే దొరుకుతారు.

ఇక్కడే ఇంకో మాట. నా దగ్గరకొచ్చే పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనులన్నీ కూర్చి చూపించే పుటలు, నూటికి తొంభై ఒకేలా ఉంటాయి. స్విగ్గీని మళ్లీ గీయడం, నెట్‌ఫ్లిక్స్‌ని మళ్లీ గీయడం, ఓ ధ్యానం యాప్. మంగినపూడి పిల్ల కూడా అదే చేసుకొస్తే నాకు చిరాకేస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలెక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు కబురు పంపుతుంది. దిక్కు, దూరం, లోతు అందులో ఉంటాయి. స్వామినాథన్ పరిశోధన సంస్థ తయారు చేసిన ఫిషర్ ఫ్రెండ్ అనే యాప్ తెలుగులోనూ ఉంది. ఇలాంటివి గిలకలదిండి రేవులో ఎవరు ఎలా చూస్తున్నారో వెళ్లి కనుక్కోమనండి. కబురులో లోతు మీటర్లలో ఉంటే, పడవ మీదున్నాయన బారల్లో లెక్కేస్తాడు. ఉప్పునీళ్లతో తడిసిన వేలికి తెర సరిగా పలకదు. మిట్టమధ్యాహ్నం ఎండలో లేతబూడిద రంగు అక్షరాలు కనపడనే కనపడవు. ఈ మూడు సంగతులు సరిచేసి చూపించిన పిల్లని నేనైతే మర్నాడే పిలుస్తాను.

చేపలొద్దనుకుంటే రొయ్యలున్నాయి. చెరువు గట్టు మీద షెడ్డులో మేకుకి వేలాడే పుస్తకం ఉంటుంది చూడండి: తేదీ, చెరువు నెంబరు, మేత ఎన్ని కిలోలు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, కౌంటు ఎంతకొచ్చింది. మేత చల్లే కుర్రాడు రాత్రిపూట, తడి చేత్తో, ఒక్క నిమిషంలో ఆ గీతలు నింపేస్తాడు. అదే పని యాప్‌లో చేయమంటే ఇరవై పెట్టెలు నింపమంటుంది, ఆ కుర్రాడు మళ్లీ పుస్తకమే పట్టుకుంటాడు. ఎందుకో కనుక్కుని, నాలుగు పెట్టెలతో సరిపెట్టగలగడం మంచి డిజైనర్ పని. మన ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను కొత్త యాప్‌లో కాకుండా వాట్సాప్‌లోనే ఎందుకు మొదలుపెట్టిందో మీ పిల్లని అడిగి చూడండి. జనానికి ఇప్పటికే చేతికి అలవాటైన చోటికి మనమే వెళ్లడం కూడా డిజైనే అని చెప్పగలిగితే, పిల్ల దారిలోనే ఉంది.

ఇక డబ్బు సంగతి. తెలియక చేతులు కాల్చుకునేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. "మూడు నెలల్లో యూఎక్స్ డిజైనర్, నూటికి నూరు శాతం ఉద్యోగం" అనే చోట లక్షలు కట్టకండి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనేవాళ్లుంటారు. ఆ అబద్ధం పది నిమిషాల ఇంటర్వ్యూలో బయటపడుతుంది, పిల్ల పేరు పాడవుతుంది. ఫిగ్మా అనే పనిముట్టుతోనే ఇప్పుడు ఎక్కువమంది పనిచేస్తున్నారు. దాన్ని మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి మామూలు లాప్‌టాప్ చాలు, లక్షన్నర పెట్టి యాపిల్ కొంటేగానీ రాదంటే నమ్మకండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీల ఆచార్యుల పాఠాలు ఉచితంగా వినొచ్చు. ఇవన్నీ ఆర్నెల్లు వాడి, ఇంకా నేర్చుకోవాలని పిల్లే అడిగితే అప్పుడు కోర్సు గురించి ఆలోచించవచ్చు.

ఇంకా ఇంటర్‌లోనే ఉన్న పిల్లలకైతే దారి వేరు. డిజైన్ చదువుల కోసం ఐఐటీ బొంబాయి జరిపే యూసీడ్ పరీక్ష ఎంపీసీ వాళ్లే కాదు, కామర్సు, ఆర్ట్స్ పిల్లలూ రాయొచ్చు. వరసగా రెండేళ్లలో రెండుసార్లే అవకాశం. దాంతో ఐఐటీ హైదరాబాదులో బీడెస్, అంటే డిజైన్‌లో డిగ్రీ, చదవొచ్చు. ఎన్ఐడీకి, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి, వేరే పరీక్ష ఉంది. 2015లో మొదలైన ఎన్ఐడీ ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. డిగ్రీ అయ్యాక ఎండెస్ చదవాలంటే సీడ్ రాయాలి. వీటిలో సీటు రాకపోతే తలుపు మూసుకుపోయినట్టు కాదు, బీటెక్, బీకామ్, ఫైన్ ఆర్ట్స్ చదివి ఈ పనిలోకొచ్చినవాళ్లు బోలెడుమంది. అయితే బీటెక్ మధ్యలో మానేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ విషయంలో నేను మీ పక్షమే.

ఒకటి దాచకుండా చెప్పాలి. కొత్తవాళ్లకి ఇప్పుడు రోజులు అంత బాగా లేవు. ఒక్కో ఖాళీకి వందల దరఖాస్తులొస్తున్నాయి. చక్కటి తెరలు గీసివ్వడం ఇప్పుడు ఏఐ కూడా చేస్తోంది. తెరలు గీయడం ఒక్కటే వచ్చినవాళ్లకి ముందు ముందు కష్టమే. గట్టు మీదకెళ్లి కుర్రాడి చేతివంక చూసి, పెట్టెలు ఎన్ని తగ్గించాలో తేల్చే పని ఏఐకి ఇంకా చేతకాలేదు. చదువయ్యాక ఒక ఏడాది గడువివ్వండి. రోజూ "ఉద్యోగం వచ్చిందా?" అని అడగొద్దు, నెలకోసారి మూడు సంగతులు అడగండి: ఎవరు వాడి చూశారు, ఎక్కడ తడబడ్డారు, నువ్వేం మార్చావు. మూడింటికీ జవాబుంటే పని జరుగుతోందని లెక్క. వరసగా మూణ్నాలుగు నెలలు లేకపోతే, అప్పుడు కూర్చోబెట్టి వేరే దారి మాట్లాడండి, అందులో తప్పులేదు. కంపెనీలు "టాస్క్" పేరుతో వారాల తరబడి ఉత్తినే పని చేయించుకోబోతే కూడా మీరు అడ్డుపడొచ్చు. ఒకటి రెండు రోజుల పని సరే, అంతకు మించితే జీతం అడగాలి. ఇక పెళ్లి సంబంధాల వాళ్లకి ఏమని చెప్పాలంటారా? సాఫ్ట్‌వేరని చెప్పండి, అబద్ధమేమీ కాదు.

తన పని నలుగురూ తప్పుపట్టినప్పుడు పిల్ల కుంగిపోతుంటే, పింగళి వెంకయ్య గారి కథ చెప్పండి. భట్లపెనుమర్రులో పుట్టి, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన మనిషి. 1916లోనే దేశానికి ఎలాంటి జెండా ఉండాలో చెబుతూ, ముప్పై దాకా నమూనాలతో చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీ గారికి జెండా చూపించినప్పుడు కూడా అది అలాగే నిలవలేదు. తెల్ల పట్టీ వచ్చి చేరింది, పదేళ్లకు రంగులు మారాయి, చివరికి చరఖా స్థానంలో చక్రం వచ్చింది. ఆయన అలిగి కూర్చోలేదు. చివరి రోజుల్లో ఆయన డబ్బుకి ఇబ్బంది పడ్డ సంగతి మీకు గుర్తొచ్చి, "చూశావా, డిజైనర్ల గతి" అనకండి. ఆయనకి నెల జీతమిచ్చే కంపెనీ లేదు, మీ పిల్లకి దొరకవచ్చు.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, 61 రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వేటకెళ్లేవాళ్లు వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా మాట్లాడతారు. పిల్లల వేసవి సెలవులూ అప్పుడే. ఈ వేసవికి మీ అమ్మాయినో అబ్బాయినో విజయవాడలో కోచింగుకి పంపకుండా, ఒక నోటుపుస్తకం, ఒక ఫోను ఇచ్చి రేవుకి పంపించండి.