క్రిప్టో వ్యాపారం : క్రమశిక్షణ ఎక్కడ మొదలవ్వాలి?

ఇస్లాం ధనార్జనను నిరసించలేదు. అల్లాహ్ వర్తకాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడు (అల్ బఖరా : 275). దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా వ్యాపారం చేశారు. ఆయన సహచరుల్లో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వంటి గొప్ప వర్తకులు ఉండేవారు. అయితే వ్యాపారం చేసేవాడు ముందుగా దాని ధర్మాన్ని నేర్చుకోవాలి. ధర్మావగాహన లేనివారు తమ బజారులో క్రయవిక్రయాలు చేయరాదని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించారు (తిర్మిజీ).

నేడు మన యువకుల చేతిలోని సెల్‌ఫోనే బజారు అయిపోయింది. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణేలను కొని అమ్మేవారిలో కొందరు ఇలా అడుగుతుంటారు: “నేను కొద్ది సొమ్మే పెడుతున్నాను. నష్టానికి హద్దు పెట్టుకున్నాను. క్రమశిక్షణతో చేస్తున్నాను. మరి ఇది జూదమెలా అవుతుంది?” ఈ ప్రశ్నను న్యాయంగా పరిశీలిద్దాం.

ప్రమాదం ఎంతటిది?

బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. 2021 నవంబరులో ఒక్క బిట్‌కాయిన్ ధర సుమారు 69,000 డాలర్లకు చేరింది. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, 16,000 డాలర్ల దాపుకు పడిపోయింది. అంటే ముప్పావు వంతు విలువ పోయింది. 2024 డిసెంబరులో అదే నాణెం లక్ష డాలర్లు దాటింది. ఇది అన్నిటికన్నా పెద్ద నాణెం సంగతి. 2022 ఏప్రిల్‌లో 100 డాలర్లకు పైగా పలికిన లూనా అనే నాణెం మే నెలలో కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నాకు చేరింది.

ధర పడిపోవటం ఒక ప్రమాదమైతే, మన నాణేలు దాచుకున్న చోటు కూలిపోవటం మరో ప్రమాదం. ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజి 2022 నవంబరులో దివాలా తీసింది. మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి 2024 జులైలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను దొంగలు కాజేశారు. ధర పడకపోయినా సొమ్ము చేతికి అందని పరిస్థితి ఖాతాదారులకు ఎదురైంది.

వ్యాపారులు చెప్పే జాగ్రత్తలు

అనుభవం గల వ్యాపారులు కొన్ని నియమాలు పాటిస్తారు. వాటిలో మొదటిది, ఒక్క బేరంలో మొత్తం పెట్టుబడిలో 2 శాతానికి మించి పోగొట్టుకోకుండా చూసుకోవటం. లక్ష రూపాయల పెట్టుబడి ఉన్నవాడికి ఈ హద్దు 2,000 రూపాయలు. కొన్న ధర కన్నా 10 శాతం తగ్గగానే అమ్మేయాలని అతను నిర్ణయించుకుంటే, 20,000 రూపాయల సరుకే కొనాలి. అలా ముందే నిర్ణయించుకున్న అమ్మకపు ధరనే స్టాప్‌లాస్ అంటారు.

దీని వెనుక ఉన్న లెక్క చిన్నదే. లక్ష రూపాయల్లో 50 శాతం పోతే 50,000 మిగులుతుంది. తిరిగి లక్ష కావాలంటే దానిపై 100 శాతం లాభం రావాలి. పోయినంత శాతం వస్తే సరిపోదు. అందుకే నష్టపోయిన కోపంలో రెట్టింపు సొమ్ము పెట్టవద్దనీ, ప్రతి బేరాన్నీ కారణంతో సహా రాసిపెట్టుకోవాలనీ వారు చెబుతారు.

ఈ జాగ్రత్తలను షరీఅత్ తప్పుపట్టదు. ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). రానున్న ఏడేళ్ళ కరువు కోసం పంటను వెన్నుల్లోనే దాచమని హజ్రత్ యూసుఫ్ (అ) సలహా ఇచ్చారు (యూసుఫ్ : 47, 48). ముందుచూపు అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధం కాదు.

జాగ్రత్త వేరు, ధర్మసమ్మతి వేరు

రోజుకు 500 రూపాయలకు మించి ఆడనని హద్దు పెట్టుకున్న పేకాటరాయుడు కూడా జూదరే. అతని హద్దు అతని జేబును కాపాడిందే తప్ప, ఆటను హలాల్ చేయలేదు. కాబట్టి “ఎంత పోతుంది?” అని అడగటానికి ముందు “నేను చేస్తున్నది అసలు క్రయవిక్రయమేనా?” అని అడగాలి. క్రమశిక్షణ ఇక్కడ మొదలవ్వాలి.

మొదటి విషయం: క్రిప్టో నాణెం షరీఅత్ దృష్టిలో ఆస్తి అవుతుందా? ఇందులో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఈజిప్టు ముఫ్తీ 2018లో బిట్‌కాయిన్ లావాదేవీలు ధర్మసమ్మతం కావన్నారు. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరీఅత్ సలహా మండలి 2020లో, నమోదైన ఎక్స్ఛేంజీలలో వీటి వ్యాపారాన్ని అనుమతించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2021లో వీటిని కరెన్సీగా వాడటం హరామ్ అని, సరుకుగా అయితే కొన్ని షరతులు నెరవేరితేనే అమ్మవచ్చని తీర్పు ఇచ్చింది. తనకు లాభించే ఫత్వాను ఏరుకోకుండా, ప్రతి ఒక్కరూ తాము విశ్వసించే ముఫ్తీని అడగాలి. సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నాడని హదీసు బోధిస్తోంది (బుఖారీ, ముస్లిం).

రెండో విషయం: అనుమతించే అభిప్రాయాన్ని అనుసరించేవారికీ అన్ని రకాల బేరాలూ అనుమతి కావు. తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)ను వారించారు (అబూ దావూద్, తిర్మిజీ). ఫ్యూచర్స్ బేరాల్లో సాధారణంగా నాణెం చేతులు మారదు. ధర ఎటు పోతుందన్న పందెం లెక్క మాత్రమే తేలుతుంది.

మూడో విషయం మార్జిన్, అంటే అరువు బలంతో ఆడటం. 10,000 రూపాయలతో పది రెట్లు, అంటే లక్ష రూపాయల బేరం చేస్తే, ధర 10 శాతం తగ్గేసరికి మొత్తం 10,000 పోతాయి. ఆ తర్వాత ధర కోలుకున్నా అతనికి ప్రయోజనం లేదు. మక్కాలోని రాబితాకు చెందిన ఫిఖ్ మండలి 2006లో ప్రచలిత మార్జిన్ వ్యాపారం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది.

నాలుగో విషయం: కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచి ఇతరులను ఎగదోయటాన్ని హదీసులు నజష్ అని నిషేధించాయి. వాట్సప్, టెలిగ్రామ్ గుంపుల్లో “ఈ నాణెం రేపు పది రెట్లు” అని ప్రచారం చేసి, అందరూ కొన్నాక తాము అమ్ముకొనేవారు చేస్తున్నది ఇలాంటి మోసమే.

గమనించండి. సొంత సొమ్ముతో, ఉన్న వస్తువునే, స్వాధీనం చేసుకొని వ్యాపారం చేసేవాడు పెట్టినదానికి మించి నష్టపోడు, అప్పులపాలు కాడు. అల్లాహ్ విధించిన హద్దులు మనకు సంకెళ్ళు కావు, రక్షణ గోడలు.

ఆ సొమ్ము ఎవరిది?

నిజమైన కష్టం ఇంట్లో మొదలవుతుంది. భార్య మహర్, ఆమె నగలు ఆమె ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా వాటిని తాకే హక్కు భర్తకు లేదు. గల్ఫ్‌లో చెమటోడ్చి అన్న ఇల్లు కట్టమని పంపిన డబ్బు తమ్ముని వద్ద అమానతు. మస్జిద్ నిధి, జకాత్ సొమ్ము, చీటీ డబ్బు కూడా అంతే. అప్పగించిన పనికి కాక వేరే పనికి వాడినవాడు, నష్టం వస్తే పూర్తిగా చెల్లించాల్సిన బాధ్యుడవుతాడు. “మార్కెట్ పడిపోయింది” అన్న సాకు చెల్లదు. ఏ స్టాప్‌లాస్ కూడా ఈ బాధ్యతను తగ్గించదు.

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన ఆస్తినంతా దానానికి వీలునామా రాయదలిస్తే, మూడో వంతు చాలు, అదీ ఎక్కువే అని దైవప్రవక్త (స) ఆపారు. వారసులు చేయి చాచే స్థితిలో మిగలకూడదన్నారు (బుఖారీ, ముస్లిం). పుణ్యకార్యానికే హద్దు ఉంటే, లాభం ఆశతో పిల్లల చదువు డబ్బును పణంగా పెట్టవచ్చునా?

పాటించవలసినవి

1. ముందు ముఫ్తీని అడగండి, ఆ తర్వాతే ఖాతా తెరవండి.

2. అప్పు ఉన్నవారు మొదట అప్పు తీర్చండి. అప్పు చేసి కొనవద్దు.

3. పూర్తిగా పోయినా ఇంటి ఖర్చు ఆగనంత సొమ్ము మాత్రమే పెట్టండి. ఎంత పెట్టారో భార్యకు తెలియజేయండి.

4. ప్రతి బేరాన్నీ రాసి ఉంచండి. అప్పు వ్యవహారాలను రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది (అల్ బఖరా : 282). రాత అలవాటు జకాత్ లెక్కకూ, పన్నుకూ పనికివస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను విధించారు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో దాని లాభంలోంచి తీసివేయనివ్వలేదు. ఒకదానిలో 10,000 వచ్చి, మరోదానిలో 10,000 పోయినా 3,000 పన్ను పడుతుంది.

5. ఈ బజారుకు రాత్రీ లేదు, జుమా కూడా లేదు. నమాజు తప్పుతున్నా, నిద్ర చెడుతున్నా, ఇంట్లో అబద్ధం చెప్పవలసి వస్తున్నా ఆ రోజే మానేయండి. ఈ హద్దును ధర పట్టికలు చూపించవు, అంతరాత్మే చూపిస్తుంది.

ప్రళయదినాన ధనం గురించి రెండు ప్రశ్నలుంటాయి: ఎలా సంపాదించావు, ఎక్కడ ఖర్చు చేశావు (తిర్మిజీ). ఆ రోజు చెప్పుకోగలిగిన జవాబు ఉన్న బేరమే ఈ రోజు చేద్దాం. అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, అందులో శుభాన్ని, ఉన్నదానితో సంతృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.