ఎండ ఎంత, నీడ ఎంత?

ప్రశ్న: నా వయసు 32. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది. ఆఫీసులో రోజూ అద్దాల కిటికీ పక్కనే కూర్చుంటాను, ఎండ మీద పడుతూనే ఉంటుంది. అయినా ఎందుకు తగ్గింది? ఎముకలు గుల్లబారిపోతాయేమోనని నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. 20 కంటే తగ్గితే లోపమంటాం కాబట్టి సరిచేసుకోవాల్సిందే. అంతమాత్రాన ఈ వయసులో ఎముకలు ఉన్నట్టుండి విరిగిపోవు. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది గానీ, చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి కావలసిన అతినీలలోహిత-బి కిరణాలను ఆపేస్తుంది. పొద్దుటి లేత ఎండలోనూ అవి చాలా తక్కువ. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడే బాగా అందుతాయి. మన దగ్గర మే నెలలో ఉదయం తొమ్మిదికే నీడ అలా కురచవుతుంది, డిసెంబరులో పదకొండు కావాలి. వారంలో నాలుగైదు రోజులు ఓ ఇరవై, ముప్పై నిమిషాలు చేతులకు, కాళ్లకు ఎండ తగలనివ్వండి. వడగాలుల రోజుల్లో మాత్రం వద్దు. చర్మం చురుక్కుమంటే నీడకు వచ్చేయండి, అంతకుమించి ఉండి ప్రయోజనం లేదు. మందు ఎంత వాడాలో మీ డాక్టరు చెబుతారు. కింద కూర్చుని లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంటే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: డాక్టరు ఎనిమిది వారాలకు రాసిన 60,000 యూనిట్ల విటమిన్ డి పొడిని, ఒంట్లో బాగుందని ఆరు నెలలుగా వారం వారం వేసుకుంటున్నాను. ఇప్పుడు భయం పట్టుకుంది.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ రోజుతో ఆపేసి, రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. చాలామందిలో ఏ హానీ కనిపించదు. ఎండలో ఎంతసేపున్నా విటమిన్ డి మోతాదు మించదు, ఎక్కువైనదాన్ని చర్మమే విరిచేస్తుంది. నోటితో వేసుకునే మందుకు అలాంటి అడ్డు లేదు. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: బాబు పుట్టి నాలుగు రోజులు. కళ్లు, ముఖం పచ్చగా ఉన్నాయి. అత్తయ్యగారు పొద్దుటెండలో పడుకోబెడితే తగ్గిపోతుందంటున్నారు. ఎండ పడదేమోనని నాకు భయం.
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: రెండు, మూడు రోజులకు మొదలయ్యే ఈ పచ్చదనం చాలామంది పిల్లల్లో మామూలే, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. పెద్దావిడ మాట ప్రేమతో అన్నదే, కాస్త లేత వెలుగు బిడ్డకు హాని చేయదు. కానీ అది వైద్యం కాదు. అవసరమైతే ఆసుపత్రిలో నీలి కాంతి కింద ఉంచుతారు, ఆ కాంతి మోతాదు వాళ్ల చేతిలో ఉంటుంది. మీరు చేయాల్సింది తరచూ పాలివ్వడం, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించడం. అరికాళ్ల దాకా పచ్చబడినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, విరేచనం సున్నంలా తెల్లగా వచ్చినా వెంటనే తీసుకెళ్లండి. తల్లిపాలు తాగే బిడ్డకు విటమిన్ డి ఎండతో కాదు, రోజుకు 400 యూనిట్ల చుక్కలతో అందించాలి.

ప్రశ్న: కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. సన్‌స్క్రీన్ రాస్తే విటమిన్ డి రాదంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: బెంగపడకండి, మంగు ప్రమాదకరం కాదు. ముఖానికి ఎస్‌పీఎఫ్ 30 క్రీము రాసుకోండి, చేతులకు ఎండ తగలనివ్వండి. ముఖం కప్పినంత మాత్రాన విటమిన్ డి లోపం రాదు. చర్మం రంగులో ఉండే క్రీము మంగుకు ఇంకా మేలు.

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు, జీవితమంతా మిరప చేలో ఎండలోనే గడిచింది. అరికాలి మీద నల్లమచ్చ ఏడాదిగా పెరుగుతోంది. ఎండ వల్ల క్యాన్సరా?
- ఒక కొడుకు, గుంటూరు జిల్లా

జవాబు: మన చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది, అందుకే మనలో చర్మ క్యాన్సర్ అరుదు. అయితే మనలాంటి చర్మం వాళ్లకు మెలనోమా వచ్చిందంటే ఎక్కువగా అరికాలు, అరచేయి, గోటి కింద వస్తుంది. దానికీ ఎండకూ పెద్దగా సంబంధం లేదు, కాబట్టి అమ్మ చేసిన సేద్యాన్ని తప్పుపట్టకండి. పెరుగుతున్న మచ్చ కనుక ఈ వారంలోనే చర్మవైద్యుడికి చూపించండి. అంచులు వంకరగా ఉన్నా, రెండు మూడు రంగులున్నా, రక్తం కారినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. తొలి దశలో దొరికితే చిన్న ఆపరేషన్‌తో నయం చేయొచ్చు.