యాసంగి వరికి జింకు: డీఏపీతో కలపకండి

యాసంగి నాట్లు ఊపందుకుంటున్నాయి. రాత్రి చలికి మడిలో నీళ్లు చల్లబడి, వేర్లు నెమ్మదిగా సాగే ఈ రోజుల్లో వరికి జింకు సరిగా అందదు. నాటిన రెండు మూడు వారాలకు చేను గిడసబారి ఎర్రబడితే కొందరు తెగులనుకొని మందు కొడతారు, మరికొందరు యూరియా చల్లుతారు. జింకు లోపమే అయితే ఆ రెండు ఖర్చులూ వృథా. ముందు ఆకును దగ్గరగా చూడండి.

లోపాన్ని గుర్తించడం

మొదట లేత ఆకుల మొదళ్లలో మధ్య ఈనె పాలిపోతుంది. తర్వాత ముదురాకుల మీద ఇటుక రంగు మచ్చలు వస్తాయి. ఆకులు చిన్నవై, పెళుసెక్కి, వంచితే చిటుక్కున విరుగుతాయి. దుబ్బు కట్టదు, యూరియా వేసినా పచ్చబడదు. ఉత్తరాదిలో దీన్ని ఖైరా అంటారు. ఈ జబ్బుకు మూలం జింకు కొరతేనని పంత్‌నగర్ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె 1966లో తేల్చారు.

చౌడు నేలలు, సున్నం ఎక్కువున్న నేలలు, ఏటా వరి మీద వరి వేసి ఎప్పుడూ నీళ్లు నిలిపే మాగాణుల్లో ఈ లోపం ఎక్కువ. భూసార పరీక్షలో జింకు 0.6 పీపీఎం కన్నా తక్కువుంటే కొరత ఉన్నట్టే.

ఎంత, ఎప్పుడు?

ఇంకా నాటని వారు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి. మూడు పంటలకొకసారి గానీ, ప్రతి యాసంగిలో గానీ ఇలా వేస్తే సరిపోతుంది. ఈ మోతాదు 21 శాతం జింకు ఉన్న రకానికి. 33 శాతం రకమైతే సుమారు 13 కిలోల్లోనే అంత జింకు ఉంటుంది. బస్తా మీద శాతం చూసి కొనండి.

నాటిన చేలో లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. ఇందులో పురుగుమందులు, తెగుళ్ల మందులు కలపకూడదు.

గ్లాసులో పరీక్ష

జింక్ సల్ఫేట్ పేరుతో చౌకైన మెగ్నీషియం సల్ఫేట్ అంటగట్టే మోసం ఉంది. ఒక గ్లాసులో కొంచెం డీఏపీ, మరో గ్లాసులో మీరు కొన్న జింకు విడివిడిగా నీళ్లలో కరిగించి, పైతేట నీళ్లు రెండూ కలపండి. అసలు జింకైతే విరిగిన పాలలా చిక్కటి ముద్ద కడుతుంది. ముద్ద కట్టకపోతే బిల్లుతో సహా మండల వ్యవసాయాధికారికి చూపించండి.

ఈ పరీక్షలో ఇంకో పాఠం ఉంది. జింకు, భాస్వరం కలిస్తే గ్లాసులో ముద్ద కట్టినట్టే మడిలోనూ బిగుసుకుంటాయి, జింకు వేరుకు అందదు. అందుకే డీఏపీకి, కాంప్లెక్స్ ఎరువులకు, జింకుకు మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.

పేరు చూసి పొరబడవద్దు

ఎలుకల ఎరలో వాడే నల్లటి జింక్ ఫాస్ఫైడ్ ఎరువు కాదు, ప్రాణాంతక విషం. దానికి విరుగుడు లేదు. పిల్లలకు, పశువులకు అందనిచోట, ఎరువులకు దూరంగా దాచండి.

రైతు సోదరులారా, ఆఖరి దమ్ము రోజున జింకు ఒక్కటే చల్లండి. ఆ రోజు డీఏపీ బస్తా విప్పకండి.