చెవిలో కీచురాయి

శివరాత్రి వెళ్ళిన మరునాడు మా రొంపిచెర్ల బడిలో సగంమంది పిల్లలు కళ్ళు నులుముకుంటూ కూర్చుంటారు. రాత్రంతా కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల మైకుల ముందు నిలబడి వచ్చినవాళ్ళే. ఒక ఏడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, నా చెవుల్లో ఇంకా గుయ్యిమంటోందండీ. పక్కవాడికేమో వినపడటం లేదంట" అన్నాడు.

తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు. అటువంటి రొదే నా ఎడమ చెవిలో ఎనిమిదేళ్ళుగా ఉంది. వాడిది సాయంత్రానికి పోయింది. నాది పోలేదు.

బయట ఏ చప్పుడూ లేకుండానే చెవిలో ఈలో, హోరో, కీచురాయి కూతో వినపడటాన్ని వైద్యులు టిన్నిటస్ అంటారు. మన ఆయుర్వేదం దీనిని కర్ణనాదం అన్నది. జ్వరం లాగే ఇదీ ఒక లక్షణం. దీని వెనుక చెవిలో గట్టిపడ్డ గులిమి ఉండవచ్చు, కొన్ని మందుల ప్రభావం ఉండవచ్చు, వయసు ఉండవచ్చు. ఎక్కువగా కనిపించే కారణాల్లో పెద్ద శబ్దం ఒకటి.

చెవి పాఠం గుర్తు తెచ్చుకోండి. శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల మీదుగా నత్తగుల్ల ఆకారంలో ఉన్న కర్ణావర్తాన్ని చేరుతుంది. అక్కడ సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. కదలికను నాడీ సంకేతంగా మార్చేవి అవే. అవి చనిపోతే మనకు మళ్ళీ పుట్టవు. కోడికి పుడతాయి! ఆ అదృష్టం మనకు లేదు. కొన్ని రోమకణాలు దెబ్బతింటే ఆ పౌనఃపున్యాల కబురు మెదడుకు సరిగా అందదు. రేడియోలో స్టేషను సరిగా అందనప్పుడు మనం వాల్యూమ్ పెంచితే గరగర కూడా పెరుగుతుంది కదా! మెదడు కూడా అటువంటి పనే చేస్తుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇక అసలు సంగతికి వస్తాను. రొద మొదలైన ఏడాది పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక అమ్మాయికి 61 మార్కులు రావలసిన చోట 51 వేశాను. ఆ అమ్మాయి పేపరు పట్టుకొచ్చి చూపించేదాకా నాకు తెలియలేదు. బుద్ధి మందగిస్తున్నదేమోనని భయం పట్టుకుంది.

అది బుద్ధి మాంద్యం కాదు. మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. 100 నుంచి 7 చొప్పున తీసివేస్తూ 93, 86, 79 అని పైకి చెప్పండి. పట్టిన సమయం, చేసిన తప్పులు రాసుకోండి. ఈసారి మీ స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టి, నోటికి వచ్చిన అంకెలు గొణగమని, 101 నుంచి మొదలుపెట్టండి. తప్పులు పెరుగుతాయి. మీకు తీసివేతలు రాకుండా పోయాయా? లేదు. సాగర్ కాలువలో నీళ్ళు ఉన్నవే. పైన ఒక తూము తెరిచి ఉంటే చివరి పొలానికి తగ్గుతాయి. ధ్యాస కూడా అంతే.

టిన్నిటస్ ఉన్నవారిని పరీక్షించిన పరిశోధకులు చాలావరకు ఇదే చూశారు. తేలిక పనుల్లో తేడా పెద్దగా ఉండదు. రెండు పనులు ఒకేసారి చేయవలసి వచ్చినప్పుడు, కొన్ని అంకెలు మనసులో ఉంచుకుని లెక్క కట్టవలసినప్పుడు ఆలస్యం కనబడుతుంది. అయితే ఇందులో రొద పాలెంత, దానివల్ల పోయిన నిద్ర పాలెంత, దిగులు పాలెంత, తగ్గిన వినికిడి పాలెంత అన్నది ఇంకా తెగని లెక్క.

ఫ్యాను చప్పుడును కాసేపటికి మరచిపోతాము గదా, దీన్నెందుకు మరువలేము? 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. నూటికి 94 మంది ఏదో ఒక చప్పుడు వినబడిందన్నారు! వాళ్ళెవరూ రోగులు కారు. అంటే చప్పుడు ఉండటం వేరు, దానితో బాధపడటం వేరు. 1990లో జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికొక వివరణ ఇచ్చాడు. ఆ చప్పుడును మెదడు ప్రమాద సూచనగా తీసుకుంటే భయం పుడుతుంది. భయపడినకొద్దీ దానినే చెవియొగ్గి వింటుంది. ప్రమాదం కాదని నేర్చుకుంటే, ఫ్యాను చప్పుడులాగే దాన్నీ పక్కన పెడుతుంది.

నేను చేసిన పొరపాటు చెబుతాను. ఏకాగ్రత కోసమని తలుపులన్నీ మూసి నిశ్శబ్దంగా కూర్చునేవాణ్ణి. కీచురాయి ఇంకా గట్టిగా కూసేది! చెవి వైద్యుడు వినికిడి పరీక్ష చేసి, సన్నని కీచు శబ్దాలు నాకు సరిగా అందడం లేదని తేల్చాడు. ఈ రొదను ఖాయంగా పోగొట్టే మాత్ర ఇంతవరకు లేదనీ, దానితో సర్దుకునే అభ్యాసాలు ఉన్నాయనీ చెప్పాడు. ఇప్పుడు ఫ్యాను వేసుకుని దిద్దుతాను. మార్కులు రెండుసార్లు కూడతాను. రొద ఉన్నది, కాని గంటల తరబడి గుర్తుకు రాదు.

మరుసటి శివరాత్రికి ఆ కుర్రవాడే, "చెవిలో దూది పెట్టుకుంటే చాలా మాస్టారూ?" అని అడిగాడు. దూది పెద్దగా ఆపదు. దూరం ఆపుతుంది. బల్ల మీద లెక్క వేసి చూపించాను. పనిచేసే చోట్లకు పెట్టుకున్న ఒక కొలత ప్రకారం రోజుకు 85 డెసిబెల్‌లలో 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరకు వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. ఆరుబయట ఒక మైకు నుంచి దూరం రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. 5 మీటర్ల దగ్గర 100 ఉన్నది 20 మీటర్ల దగ్గర 88 అవుతుంది. 15 నిమిషాలు కాస్తా 4 గంటలయ్యాయి.

"అయితే ప్రభను దూరం నుంచే చూస్తానండీ, అక్కణ్ణుంచి లైట్లు ఇంకా బాగుంటాయి" అన్నాడు వాడు.