తెల్ల అంబాసిడరు – మూడు ఊళ్ళ దుమ్ము

"కారు కడుగుటలో చదువేమున్నది?" అని మిత్రులు నవ్వవచ్చు. నేనూ అట్లనే అనుకున్న.

మా బాపుకు ప్రాణం రెండింటి మీద: ఎడ్ల మీద, తెల్ల అంబాసిడరు మీద. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో ఈ కార్ల తయారీ నిలిచిపోయింది. కావున ఉన్నదాన్నే కాపాడుకోవాలె. గత వేసవిలో అక్క పెండ్లికి ముందురోజు ఆ బండిని పొడి తువ్వాలతో తళతళ తుడిచిన. తెల్లారి ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు వంటి గీతలు! అప్పగింతల ఫోటోలో కూడా కనబడుతయి. బాపు తిట్టలేదు. "నువ్వు చదివే సైన్సుల గిది లేదా బిడ్డా?" అన్నడు, అంతే.

ఉన్నది. మా జనగామ చెలక మట్టి గ్రానైటు రాయి చివికి ఏర్పడినది. అందులోని క్వార్ట్జ్ రేణువు మోస్ కాఠిన్య మానంలో 7వ స్థానంలో ఉంటుంది. గాజునే గీస్తుంది, ఇక పెయింటు ఎంత? పొడిగుడ్డతో తుడవటమంటే గరుకు కాగితంతో రుద్దటమే. మొదట పైనుంచి కిందికి నీళ్ళు ధారగా పోసి మట్టిని జార్చాలి. తరువాత రెండు బకెట్లు కావాలి: ఒకదాంట్లో కారు షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించటానికి వట్టి నీళ్ళు. ఒక్క బకెట్టే అయితే తీసిన ఇసుకను తిరిగి బండికే పూసినట్టు. బట్టల పొడి వద్దు, దాని క్షారగుణం పైనున్న మైనాన్ని ఊడ్చుకపోతుంది. చక్రాలు చివరికి, వేరే గుడ్డతో.

ఇక మా బోరు నీళ్ళు కఠిన జలం. ఎండలో కడిగితే నీరు ఆవిరై కాల్షియం కార్బనేటు తెల్లమచ్చగా మిగులుతుంది. నీడలో కడిగి, వెంటనే మెత్తని నూలుగుడ్డతో అద్దాలి. లేతమచ్చ అయితే నీళ్ళు కలిపిన వెనిగర్‌కు పోతుంది.

అక్క అత్తగారిది భూపాలపల్లి. అక్కడ సింగరేణి గనులు, దగ్గరలోనే చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం. రెండు రాత్రులు నిలిపితే మా తెల్ల బండి బూడిద రంగు తిరిగింది. బొగ్గు మెత్తనిదే కాని, బొగ్గు బూడిదలో అధికభాగం సిలికా, అల్యూమినాలే. బావ కవరు కప్పబోతే ఆపిన. దుమ్ము మీద కవరు కప్పితే గాలికి అదే రుద్దుతుంది.

లోపలి కథ వేరు. మహబూబాబాద్‌లోని మేనమామ తన మిర్చి బస్తాలను వెనుక సీటులో వేసుకొని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుకపోయిండు. తరువాత వారం దినాలు ఎక్కినోళ్ళందరికీ తుమ్ములే! ఎన్ని నీళ్ళతో తుడిచినా ఘాటు పోలేదు. కారణం, మిరప కారంలోని కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు. సబ్బు అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని. ముక్కుకు గుడ్డ కట్టుకొని, కుట్ల సందులు బ్రష్షుతో దులిపి, సబ్బు నురుగుతో రెండుసార్లు తుడిస్తే వదిలింది. పెట్రోలు పెట్టమని సలహా ఇచ్చినవారున్నరు. రెక్సిన్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోలు లాగేస్తుంది, సీటు పగులుతుంది.

బానెట్ గీతలను రబ్బింగ్ కాంపౌండ్‌తో తీసిన. అది గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న పెయింటును కొద్దిగా అరగదీసి సమం చేస్తుంది. రుద్దిన గుడ్డకు తెల్లరంగు అంటింది. ఆపైన మైనం పెట్టిన. రెండు లోతు గీతలు ఇంకా ఉన్నయి. "ఉండనియ్ రా, ఇంక రుద్దితే రేకు తేలుతది" అని బాపు గుడ్డ గుంజుకున్నడు.